ఏడీసీ నిద్రలోనే ఉంది, మరి బ్యాటరీని ఎవరు తాగేస్తున్నారు?

చిక్కడపల్లిలో ఒక మందుల షాపు. అక్కడి ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంటుంది. వాడకం మొదలుపెట్టేదాకా దాన్ని 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. ఎండాకాలంలో అర్ధరాత్రి కరెంటు పోయి తెల్లారేలోగా వచ్చేస్తే, ఆ మధ్యలో ఫ్రిజ్ ఎంత వేడెక్కిందో ఎవరికీ తెలియదు. ఆ లెక్క రాసిపెట్టే చిన్న పెట్టె ఒకటి మా వీధి కుర్రాడు తయారుచేశాడు. ఇంజినీరింగ్ ఆఖరి ఏడు చదువుతున్నాడు. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న ఏడీఎస్1115 అనే ఏడీసీ మాడ్యూల్, వేడిని బట్టి నిరోధం మారే థర్మిస్టర్ ఒకటి, అన్నిటినీ నడిపే చిన్న కంప్యూటర్ లాంటి మైక్రోకంట్రోలర్ ఒకటి, సీఆర్2032 కాయిన్ సెల్. నిమిషానికి ఒక కొలత, అంతే పని.

కంపెనీ ఇచ్చే వివరాల పత్రం, అంటే డేటాషీట్‌లో, ఆ ఏడీసీ చిప్ పవర్ డౌన్ (నిద్ర) కరెంటు 0.5 మైక్రోయాంపులు అని ఉంది. కాయిన్ సెల్‌లో సుమారు 220 ఎంఏహెచ్ (మిల్లీయాంపు గంటలు) ఉంటుంది. భాగిస్తే 4,40,000 గంటలు, అంటే 50 ఏళ్లు. అన్నేళ్లు కాకపోయినా రెండేళ్లయినా వస్తుందనుకున్నాడు. పదమూడో రోజుకే సెల్ ఖాళీ అయింది.

"అన్నా, చిప్ నిద్రలనే ఉంది. రిజిస్టర్ చదివి మరీ చూసిన. మరి కరెంటు ఎవరు తాగుతున్నరు?" అని అడిగాడు. రిజిస్టర్ అంటే చిప్ తన సెట్టింగులు రాసిపెట్టుకునే గడి.

బ్యాటరీ మీద నడిచే ప్రాజెక్టు చేసిన దాదాపు ప్రతి విద్యార్థికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. పవర్ మోడ్ అంటే ఒక స్విచ్ అనీ, దాన్ని నొక్కితే పని అయిపోతుందనీ అనుకోవడం దగ్గర చిక్కు మొదలవుతుంది.

చిప్ లోపల మేలుకునేది ఎవరు, పడుకునేది ఎవరు

ఏడీసీ అంటే అనలాగ్ వోల్టేజీని అంకెగా మార్చే చిప్. బయటికి ఒక్కటిగా కనిపించినా లోపల ఒక ఉమ్మడి కుటుంబం ఉంటుంది. కొలబద్దలా పనిచేసే రిఫరెన్స్ వోల్టేజీ, చిన్న సిగ్నల్‌ను పెంచే యాంప్లిఫయర్, అసలు మార్పిడి చేసే భాగం, వాటన్నిటికీ లయ కుదిర్చే క్లాక్, మైక్రోకంట్రోలర్‌తో మాట్లాడే డిజిటల్ భాగం. వీళ్లలో ఎవరెవరు మేలుకొని ఉండాలన్న ఏర్పాటునే పవర్ మోడ్ అంటాం.

కంటిన్యువస్ మోడ్‌లో అందరూ మేలుకునే ఉంటారు, ఒక కొలత అవగానే ఇంకోటి మొదలవుతుంది. సింగిల్ షాట్‌లో అడిగినప్పుడు ఒక్క కొలత తీసి మళ్లీ పడుకుంటారు. స్టాండ్‌బైలో కొందరే పడుకుంటారు. పవర్ డౌన్‌లో దాదాపు అందరూ పడుకుంటారు.

ఈ పేర్లకు అన్ని కంపెనీల్లో ఒకే అర్థం లేదు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల ఏడీఎస్1115లో పవర్ డౌన్‌లో ఉన్నా సెట్టింగులు చెరిగిపోవు. అనలాగ్ డివైసెస్ వాళ్ల ఏడీ7124లో పవర్ డౌన్‌కి పంపితే లోపలి రెగ్యులేటర్లు కూడా ఆగిపోయి రిజిస్టర్లు ఖాళీ అవుతాయి. సెట్టింగులు నిలవాలంటే స్టాండ్‌బై వాడాలి. అదే చిప్‌లో 'లో పవర్' అనే మోడ్ కూడా ఉంది. పేరు చూసి నిద్ర అనుకుంటారు గానీ, అది నెమ్మదిగా పనిచేయడం. ఫుల్ పవర్‌లో సుమారు 930 మైక్రోయాంపులు, మిడ్‌లో 355, లోలో 255. మూడింటిలోనూ చిప్ కొలుస్తూనే ఉంటుంది. తేడా వేగంలో. ఫుల్ పవర్‌లో సెకనుకు 19,200 కొలతల దాకా పోగలిగేది, లో పవర్‌లో 2,400 దగ్గర ఆగుతుంది. ఏడీఎస్1220లోనైతే డ్యూటీ సైకిల్ మోడ్ అని ఇంకొకటుంది. అందులో మార్పిడి చేసే భాగం (మాడ్యులేటర్) నాలుగో వంతు సమయమే పనిచేసి, మిగతా మూడు వంతులు తనంతట తానే పడుకుంటుంది.

అందుకే మోడ్ పేరును బట్టి లెక్క కట్టకూడదు. ఆ చిప్‌లో ఆ పేరుకి అర్థమేమిటో వెతికి చదవాలి.

ఇరానీ హోటల్ పొయ్యి, మన ఇంటి పొయ్యి

ఇరానీ హోటల్లో డికాక్షన్ పాత్ర పొద్దుటి నుంచి రాత్రి దాకా సన్నని సెగ మీదే ఉంటుంది. అడిగిన క్షణంలో కప్పు వస్తుంది. గ్యాస్ నిరంతరం ఖర్చవుతుంది గానీ, నిమిషానికి పది కప్పులు పోయే చోట అదే సరైన పద్ధతి. ఇంట్లో అలా చేయం. చుట్టం వచ్చాక పొయ్యి వెలిగిస్తాం, నీళ్లు మరిగేదాకా ఆగుతాం, టీ పోశాక ఆర్పేస్తాం.

మొదటిది కంటిన్యువస్, రెండోది సింగిల్ షాట్. ఏది లాభమో తేల్చేవి రెండే: చుట్టాలు ఎంత తరచుగా వస్తారు, నీళ్లు మరగడానికి ఎంతసేపు పడుతుంది.

ఏడీఎస్1115 మేలుకోవడానికి సుమారు 25 మైక్రోసెకన్లు చాలు. అంటే నీళ్లు పెట్టీ పెట్టగానే మరిగినట్టే. ఇలాంటి చిప్‌ను రెండు కొలతల మధ్య పడుకోబెట్టడం దాదాపు ఎప్పుడూ లాభమే. లోడ్‌సెల్‌తో (బరువును చిన్న వోల్టేజీగా మార్చే సెన్సర్) బరువు తూచే ఏడీసీ చిప్ హెచ్ఎక్స్711 అలా కాదు. సెకనుకు 10 కొలతల వేగంలో అది నిద్ర లేచాక నమ్మదగిన అంకె రావడానికి 400 మిల్లీసెకన్లు పడుతుంది. 80 కొలతల వేగంలోనైతే 50 మిల్లీసెకన్లు, కానీ నాయిస్, అంటే అంకెలోని అనవసరమైన ఊగిసలాట, పెరుగుతుంది.

వంట గ్యాస్ సిలిండర్ కింద పెట్టే తూకాన్ని తీసుకుందాం. లోపలి గ్యాస్ 14.2 కిలోలు. అది ఎంత తరిగిందో పది నిమిషాలకోసారి తెలిస్తే చాలు. 350 ఓముల లోడ్‌సెల్‌కు 4 వోల్టులిస్తే అదొక్కటే 11 మిల్లీయాంపులకు పైగా తీసుకుంటుంది. హెచ్ఎక్స్711 ఇంకో 1.5. మొత్తం సుమారు 13 మిల్లీయాంపులు. ఎప్పుడూ వెలిగించే ఉంచితే 2000 ఎంఏహెచ్ సెల్స్ ఆరు రోజులకు అయిపోతాయి. పది నిమిషాలకోసారి 0.4 సెకన్లు మాత్రమే లేపితే సగటు సుమారు 9 మైక్రోయాంపులు. ఆ లెక్కన సెల్స్ తమంతట తాము పాడయ్యేదాకా నడుస్తాయి. అదే తూకం కూరగాయల దుకాణంలో ఉండి అర సెకనుకోసారి అంకె మారాలంటే, 0.4 సెకన్లు నిలదొక్కుకోవడానికే పోతాయి. పడుకోవడానికి మిగిలేది 0.1 సెకను. అక్కడ ఇరానీ హోటల్ పద్ధతే మేలు.

ఒక జాగ్రత్త. హెచ్ఎక్స్711 పడుకుంటే లోడ్‌సెల్‌కూ సరఫరా ఆగాలి. ఆగుతుందో లేదో మాడ్యూల్ వైరింగ్‌ని బట్టి ఉంటుంది. చిప్ నిద్రలో ఉన్నప్పుడు లోడ్‌సెల్ తీగల మధ్య మల్టీమీటర్ పెడితే తెలిసిపోతుంది. వోల్టేజీ కనిపిస్తే 13 మిల్లీయాంపుల్లో మనం ఆదా చేసింది 1.5 మాత్రమే.

నిమిషానికి ఒక కొలత: లెక్క వేసి చూస్తే

మన ఫ్రిజ్ పెట్టెకు వద్దాం. ఏడీఎస్1115 పనిచేసేటప్పుడు సుమారు 150 మైక్రోయాంపులు, పడుకున్నప్పుడు 0.5. ఎప్పుడూ మేలుకునే ఉంటే 220 ఎంఏహెచ్ సెల్ 61 రోజులు వస్తుంది.

సెకనుకు 128 కొలతల వేగంలో ఒక్క కొలతకు 7.8 మిల్లీసెకన్లు. నిమిషంలో 60,000 మిల్లీసెకన్లు ఉంటాయి. 150ని 7.8తో గుణించి 60,000తో భాగిస్తే సుమారు 0.02 మైక్రోయాంపులు. నిద్రలోని 0.5 కలిపితే 0.52. అంటే ఖర్చంతా నిద్రలోనే జరుగుతోంది, కొలతకు అయ్యేది చిల్లర.

ఇంకా వేగంగా, సెకనుకు 860 వేగంలో కొలిస్తే? కొలతకు 1.2 మిల్లీసెకన్లు, సగటు 0.003. మొత్తం 0.503. ఆదా అయింది ఏమీ లేదు. పోనీ బాగా నెమ్మదిగా, సెకనుకు 8 వేగంలో? కొలతకు 125 మిల్లీసెకన్లు, సగటు 0.31, మొత్తం 0.81. కాగితం మీద 31 ఏళ్లు. కాయిన్ సెల్ అంతకాలం నిల్వ ఉండదు, కాబట్టి మూడూ ఒకటే.

వేగంగా కొలిచి పడుకోవాలా, నిదానంగా కొలవాలా?

దీని మీద ఇంజినీర్లలో రెండు వాదాలున్నాయి, రెంటిలోనూ నిజముంది. 'పరుగెత్తి పడుకో' అనేవాళ్లు డేటాషీట్‌నే చూపిస్తారు. సెకనుకు 8 కొలతలే కావాలంటే, 8 వేగంలో నిరంతరం నడపడం కంటే 860 వేగంలో ఒక్కో కొలత తీసి మధ్యలో పడుకోబెడితే ఖర్చు సుమారు వందో వంతుకు పడిపోతుంది. 125 మిల్లీసెకన్లలో 1.2 మాత్రమే పని కాబట్టి ఆ లెక్క సరైనదే.

నిదానంగా కొలవమనేవాళ్లు నాయిస్ సంగతి ఎత్తుతారు. ఏడీఎస్1115 వేగం పెరిగేకొద్దీ నాయిస్ పెరుగుతుంది. పైగా మన గోడల్లో 50 హెర్ట్జ్ కరెంటు ఉంది. దాని ఒక్కో ఆవృత్తి 20 మిల్లీసెకన్లు. 1.2 మిల్లీసెకన్ల కొలత ఆ అలలో ఏదో ఒక ముక్కను పట్టుకుంటుంది. ఒకసారి శిఖరం, ఒకసారి లోయ. 125 మిల్లీసెకన్ల కొలతలో ఆరుకు పైగా అలలు కలిసిపోయి చాలావరకు రద్దవుతాయి. ఫ్రిజ్ కంప్రెసర్ పక్కనే ఉండే పెట్టెకు ఇది చిన్న విషయం కాదు.

నా దృష్టిలో ఈ వాదనను తేల్చేది ఏడీసీ కాదు, దాని కోసం కాచుకుని కూర్చున్న మైక్రోకంట్రోలర్. కొలత అయ్యేదాకా అది 3 మిల్లీయాంపులు తాగుతూ మేలుకునే ఉంటే, 125 మిల్లీసెకన్ల నిరీక్షణకు నిమిషం సగటున 6.25 మైక్రోయాంపులు ఖర్చవుతాయి. ఏడీసీ మొత్తం ఖర్చుకు ఏడెనిమిది రెట్లు! అదే 1.2 మిల్లీసెకన్లయితే 0.06. మైక్రోకంట్రోలర్ మేలుకొని కాపు కాసే డిజైన్‌లో 'పరుగెత్తి పడుకో' వాళ్లే గెలుస్తారు. అది కూడా పడుకుని, కొలత అవగానే ఏడీఎస్1115 అలర్ట్ పిన్ తట్టి లేపే ఏర్పాటు ఉంటే నిదానమే మేలు. ఆ పిన్‌ను 'కొలత అయింది' సంకేతంగా మార్చుకోవడానికి చిప్‌లో వీలుంది. హై థ్రెషోల్డ్ రిజిస్టర్ పై బిట్ 1, లో థ్రెషోల్డ్ పై బిట్ 0 చేసి, కాన్ఫిగ్ రిజిస్టర్‌లో ఆ పిన్‌ను ఆపేసే చివరి రెండు బిట్లను 11 కాకుండా మార్చాలి.

నిద్ర లేచాక వచ్చే మొదటి అంకె

సింగిల్ షాట్‌లో చాలామంది కోడ్ ఇలా ఉంటుంది: కొలవమని చెప్పు, 8 మిల్లీసెకన్లు ఆగు, అంకె చదువు. 128 వేగానికి 7.8 మిల్లీసెకన్లు కదా, 8 చాలనుకుంటారు. కానీ ఈ చిప్ లోపలి క్లాక్‌కు 10 శాతం అటూ ఇటూ వెసులుబాటు ఉంది. నెమ్మదిగా నడిచే చిప్ చేతికి వస్తే అదే కొలతకు 8.7 మిల్లీసెకన్లు పడుతుంది. అప్పుడు 8 దగ్గర చదివితే వచ్చేది పాత అంకె, అంటే నిమిషం క్రితం ఉష్ణోగ్రత. ఎర్రర్ ఏమీ రాదు. అంకె చూడటానికి బాగానే ఉంటుంది. ఒకరి మాడ్యూల్‌తో పనిచేసిన కోడ్ పక్కవాడి మాడ్యూల్‌తో తేడాగా ఉండటానికి ఇదొక కారణం. కాన్ఫిగ్ రిజిస్టర్ పై బిట్ (15వ బిట్) కొలత జరుగుతున్నంతసేపూ 0, అయ్యాక 1 చూపిస్తుంది. గడియారం కంటే ఆ బిట్టే నమ్మదగినది.

కంటిన్యువస్ మోడ్‌లోనూ ఇలాంటిదే ఒకటుంది. మధ్యలో ఛానెల్ (కొలిచే ఇన్‌పుట్) మారిస్తే, అప్పటికే నడుస్తున్న కొలత పాత ఛానెల్‌తోనే పూర్తవుతుంది. వెంటనే చదివితే పాత ఛానెల్ అంకెను కొత్తదిగా పొరబడతాం. హెచ్ఎక్స్711 అయితే నిద్ర లేచిన ప్రతిసారీ ఛానెల్ ఏ, గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచాలన్నది) 128కి తిరిగి వచ్చేస్తుంది. ఛానెల్ బీ వాడేవాళ్లు ప్రతిసారీ మళ్లీ చెప్పాల్సిందే.

దొంగ దొరికాడు, ఒకడు కాదు ఇద్దరు

కుర్రాడి చిప్ నిజంగానే నిద్రలో ఉంది. దాని తప్పేమీ లేదు. మేలుకునున్నది దాని పక్కవాళ్లు.

మొదటిది థర్మిస్టర్. 10కె థర్మిస్టర్, 10కె రెసిస్టర్ వరసగా 3 వోల్టుల మధ్య కట్టాడు. 25 డిగ్రీల దగ్గర రెండూ కలిపి 20 కిలో ఓములు, కరెంటు 150 మైక్రోయాంపులు. పనిచేస్తున్న ఏడీసీ ఎంత తీసుకుంటుందో సరిగ్గా అంతే. ఫ్రిజ్‌లో 5 డిగ్రీల దగ్గర థర్మిస్టర్ నిరోధం సుమారు 26 కిలో ఓములకు పెరుగుతుంది కాబట్టి అక్కడ సుమారు 85. ఏడీసీ పడుకున్నా, లేచినా దీనికి సంబంధం లేదు. పగలూ రాత్రీ పారుతూనే ఉంటుంది.

రెండోది ఇంకా పెద్దది. నిద్రపోయే ముందు పిన్‌లన్నీ అవుట్‌పుట్ చేసి సున్నాకు దించితే కరెంటు ఆదా అవుతుందని ఎక్కడో చదివి, మైక్రోకంట్రోలర్, ఏడీసీ మాట్లాడుకునే ఐ2సీ తీగలు రెండిటినీ కూడా దించేశాడు. మాడ్యూల్ మీద ఆ తీగలను సరఫరా వోల్టేజీ వైపు పైకి లాగి ఉంచే 10కె పుల్ అప్ రెసిస్టర్లు ఉన్నాయి. పై చివర 3 వోల్టులు, కింది చివర సున్నా: ఒక్కో తీగలో 300 మైక్రోయాంపులు, రెండింటికీ 600.

కలిపితే 600, 85, 0.5. సుమారు 686 మైక్రోయాంపులు. 220 ఎంఏహెచ్‌ను దాంతో భాగిస్తే 320 గంటలు, పదమూడు రోజులు. సెల్ కచ్చితంగా లెక్క ప్రకారమే చచ్చిపోయింది. మొత్తం ఖర్చులో ఏడీసీ వాటా వెయ్యిలో ఒక వంతు కూడా లేదు.

ఐ2సీ పిన్‌లను ఇన్‌పుట్‌గా వదిలేస్తే తీగలు పైకే నిలబడి ఆ 600 పోతాయి. థర్మిస్టర్‌కు సరఫరాను నేరుగా సెల్ నుంచి కాకుండా మైక్రోకంట్రోలర్ పిన్ నుంచి ఇస్తే, కొలిచేటప్పుడు మాత్రమే వెలిగించొచ్చు. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. థర్మిస్టర్ దగ్గర 0.1 మైక్రోఫారడ్ ఫిల్టర్ కెపాసిటర్ ఉంటే అది నిండేదాకా ఆగాలి. 16 బిట్ల కచ్చితత్వానికి 11 టైమ్ కాన్‌స్టంట్లు (నిరోధాన్ని కెపాసిటెన్స్‌తో గుణిస్తే వచ్చే సమయం ఒక టైమ్ కాన్‌స్టంట్) కావాలి, ఈ విలువలకు అది సుమారు 8 మిల్లీసెకన్లు. ఇక పిన్ నుంచి వచ్చేది కచ్చితంగా 3 వోల్టులు కాదు, సెల్ అరిగేకొద్దీ తగ్గుతుంది. ఏడీఎస్1115 తన లోపలి రిఫరెన్స్‌తోనే పోల్చుకుంటుంది కాబట్టి ఆ తగ్గుదల ఉష్ణోగ్రతలో తప్పుగా కనిపిస్తుంది. పిన్ వోల్టేజీని ఇంకో ఛానెల్‌లో కొలిచి నిష్పత్తి తీస్తే ఆ తప్పు పోతుంది. అదనంగా అయ్యేది ఒక్క కొలత ఖర్చు, 0.02 మైక్రోయాంపులు.

అసలు చిప్‌కే సరఫరా కోసేస్తే?

ఇంకొందరు మోడ్‌ల గొడవే వద్దంటారు. స్విచ్ పెట్టి ఏడీసీకి వోల్టేజీనే ఆపేస్తే 0.5 కూడా మిగులుతుంది కదా అన్నది వాళ్ల వాదన. నిమిషానికోసారి కొలిచే పెట్టెలో ఈ ఆదా నిజమేనా అన్నది చిప్ పక్కనున్న కెపాసిటర్ చెబుతుంది. 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండి, ఆపినప్పుడల్లా పూర్తిగా ఖాళీ అవుతుంటే, ప్రతిసారీ 3 వోల్టులకు నింపడానికి 30 మైక్రోకూలంబులు కావాలి. 60 సెకన్లకు పంచితే 0.5 మైక్రోయాంపులు. ఆదా చేసిందీ పోగొట్టుకున్నదీ సరిసమానం. 0.1 మైక్రోఫారడ్ అయితే 0.005 మాత్రమే, అప్పుడు లాభమే. గంటకోసారి కొలిచే పరికరంలో ఈ రెంటిలో ఏ కెపాసిటర్‌తోనైనా లాభమే.

రిజిస్టర్లు చెరిగిపోవడం ఏడీఎస్1115కి పెద్ద నష్టం కాదు. ప్రతి సింగిల్ షాట్‌కీ ఎలాగూ కాన్ఫిగ్ రాయాలి. ఏడీ7124 లాంటి, ఎన్నో రిజిస్టర్లున్న చిప్‌ను మళ్లీ మొదటి నుంచి సిద్ధం చేయడం మాత్రం మైక్రోకంట్రోలర్‌కు అదనపు మెలకువ. అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. సరఫరా లేని చిప్ ఇన్‌పుట్ పిన్ మీద సెన్సర్ వోల్టేజీ అలాగే ఉంటే, లోపలి రక్షణ డయోడ్ గుండా కరెంటు దొడ్డిదారిన చిప్‌లోకి పోతుంది. ఏడీఎస్1115 అనలాగ్ పిన్ మీద సరఫరా కంటే 0.3 వోల్టులకు మించి ఉండకూడదు. చిప్‌కు ఆపితే సెన్సర్‌కూ ఆపాలి.

మైక్రోకంట్రోలర్ లోపలే ఏడీసీ ఉన్నప్పుడు

ఆర్డుయినో ఊనోలోని ఏటీమెగా328పీలో ఏడీసీ లోపలే ఉంటుంది. ప్రాసెసర్‌ను పడుకోబెడితే అదీ పడుకుంటుందనుకుంటారు. పడుకోదు, దాని ఎనేబుల్ బిట్‌ను మనమే తీసేయాలి. మళ్లీ వెలిగించాక మొదటి మార్పిడికి 13 బదులు 25 క్లాక్‌లు పడతాయి. ఇందులో నాకు బాగా నచ్చినది నాయిస్ రిడక్షన్ అనే నిద్ర మోడ్. కొలత జరిగేటప్పుడు ప్రాసెసరే పడుకుంటుంది, దాని స్విచింగ్ సందడి లేక అంకె నిలకడగా వస్తుంది. అక్కడ నిద్ర ఉన్నది బ్యాటరీ కోసం కాదు, కచ్చితత్వం కోసం.

పెట్టె మీద ఏ తేదీ రాయాలి?

మార్పులన్నీ చేశాక కుర్రాడు, నేను కూర్చుని మళ్లీ లెక్క వేశాం. కొలతలు రెండింటికి 0.04, థర్మిస్టర్‌కు సుమారు 0.04, ఏడీసీ నిద్ర 0.5, టైమర్‌తో సహా మైక్రోకంట్రోలర్ నిద్రకు 1.5 అనుకున్నాం. మొత్తం 2.1 దాకా. సెల్‌కు వరసగా 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి చూస్తే నిద్రలో దాని మీద సుమారు 2 మిల్లీవోల్టులు కనిపించాయి, అంటే 2 మైక్రోయాంపులే. కాగితం మీద దాదాపు 12 ఏళ్లు.

కానీ 0.5 అన్నది డేటాషీట్‌లో 'టిపికల్' గడిలోని అంకె. 'మాక్సిమమ్' గడిలో 25 డిగ్రీల దగ్గర 2, మొత్తం ఉష్ణోగ్రతల పరిధికి 5 మైక్రోయాంపులు అని ఉంది. వేడి పెరిగేకొద్దీ సిలికాన్‌లో లీకేజీ పెరుగుతుంది. థర్మిస్టర్ ఫ్రిజ్ లోపలున్నా పెట్టె ఉండేది ఫ్రిజ్ వెనక, మే నెలలో ఆ చోటు బాగా వేడెక్కుతుంది. 5 వేసుకుంటే మొత్తం 6.6, సెల్ నాలుగేళ్లకు కాస్త తక్కువ. సెల్ తనంతట తాను అరగడం, చివర్లో వోల్టేజీ పడిపోవడం కూడా చూసుకుని, పెట్టె మీద రెండేళ్ల తర్వాతి తేదీ రాసి అతికించాడు.